నోటి పన్ను

బేసిన్ బ్రిడ్జి దగ్గర బస్సు ఒక్క బ్రేకు వేసింది.
ముందు సీటు కడ్డీ, నా పైపన్ను
ఒకదానికొకటి ఎదురెళ్ళాయి.
కడ్డీకి ఏమీ కాలేదు.

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు గదా,
నాకు రాయి కూడా దొరకలేదు.
కండక్టరు పుక్కిలించమని తన సీసా నీళ్ళిచ్చాడు.
ఊడినదాన్ని టికెట్టులో చుట్టుకుని
తొలి బెల్లుకే బడికెళ్ళాను.

కొరుక్కుపేట కార్పొరేషన్ బడి, తెలుగు మీడియం, మూడో తరగతి.
త థ ద ధ న.
నాలుక పైపళ్ళకి తగిలితే పుట్టేవి,
అందుకే దంత్యాలు,
అని ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న నోరు
ఆ పూట గాలిని ఆపలేకపోయింది.
డిక్టేషన్ చెప్పాను:
తాత. దాత. నేత.
పిల్లలు నిజాయితీపరులు, విన్నదే రాశారు:
సాస. జాస. నేస.
ఎర్రసిరా పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
అందరికీ పదికి పది.

ఏసుపాదం ఒక్కడే నవ్వలేదు.
వాడికీ సరిగ్గా అక్కడే సందు.
"రేకుల మీదికి విసరండి టీచర్.
మా అవ్వ విసిరింది. నాకు వచ్చేస్తుందంట."

మింట్ దగ్గర, వెట్ గ్రైండర్ల రిపేరు కొట్టు మీద మేడ.
డాక్టర్ కయల్విళి నా నోట్లోకి అద్దం పంపి
బ్రిడ్జి కట్టేద్దామంది.
లేని పన్ను గాల్లో నిలవదట.
అటొకటి ఇటొకటి, గట్టివాటిని చూసి
మేకుల్లా అరగదీసి
మూడు పళ్ళ ముక్కొకటి వాటి నెత్తిన పెడతారట.
ఊడింది ఒకటి, బిల్లు మూడింటికి.

"వాటికేం జబ్బు లేదుగా?"
"లేదు. అందుకేగా వాటిని పట్టుకున్నది."

నేను నవ్వాననుకుంది. నోరు తెరిచే ఉంది గనక.

మా బళ్ళో నాలుగో తరగతికి టీచరు లేక మూడేళ్ళు.
ఇటు మూడు నాది, అటు అయిదు గజవల్లిది.
నడిమి గది తలుపు తెరిచిపెట్టి
చెరో గంటా అక్కడ నిలబడతాం.
మాకూ ఏ జబ్బూ లేదు.

సూది. నాది కాని పెదవి.
కింద కొట్లో ఎవరిదో రుబ్బురాయికి గంట్లు కొడుతున్నారు,
పైన నాకు నున్నగా చేస్తున్నారు.
కొబ్బరిపీచు కాలిన వాసన,
అది నేనేనని తెలియడానికి కాస్త టైము పట్టింది.
తర్వాత గులాబి ముద్ద, వెనీలా రుచి,
తర్వాత పళ్ళ రంగుల పట్టీ:
తెలుపులో ఇన్ని తెలుపులా!
అచ్చ తెల్లది వద్దమ్మా,
రోజూ మూడు కాపీలు తాగే రంగేదో చూడు.

తొమ్మిది వేలు.
ఇంటికొచ్చి పన్ను కట్టానన్నాను.
"మార్చిలోనే కట్టాంగా" అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.
అది ఇంటిది. ఇది నోటిది.

రాత్రి బాత్రూం అద్దం ముందు, త.
గాలి ఆగింది.
ద. ఆగింది.
నాలుక మాత్రం ఒప్పుకోలేదు,
చుట్టాలింట్లో నిద్రపట్టనిదానిలా
ఆ కొత్త గోడని తడుముతూనే ఉంది.

సోమవారం బోర్డు మీద తారీఖు రాసి తిరిగానో లేదో
ఏసుపాదం బెంచీ ఎక్కాడు.
వాడి సందులో బియ్యపుగింజంత తెల్లన.
"మీకూ వచ్చేసిందా టీచర్! విసిరారా?"

ఆఁ, విసిరాను, అన్నాను.
ముప్ఫై మంది ముందు, దంత్యాలు ఒక్కటీ జారకుండా,
చక్కగా అబద్ధమాడాను.

సాయంత్రం హౌసింగ్ బోర్డు మూడో అంతస్తు వరండాలో
పర్సులోంచి టికెట్టు విప్పాను.
అచ్చు మాసిపోయి కాగితం మెత్తబడింది.
పన్ను అలాగే ఉంది, అనుకున్నదానికన్నా పొడుగ్గా.
కింద రేషన్ షాపు రేకులు,
వాటి మీద పిల్లి, ఒక షటిల్ కాక్.
అటూ ఇటూ చూసి
విసిరాను.

టక్.

ట. అది మూర్ధన్యం.
పళ్ళతో పని లేదు దానికి.